కొండ్రలో నిలబడిన పండితుడు

ఒకే ఒక మాట కోసం నేను అరవై నాలుగో ఏట ఇల్లు కదిలాను. ఆ మాట కొండ్ర. పాత కావ్యాలలో కనిపిస్తుంది. కృష్ణకు దక్షిణాన ఉన్న మా ప్రాంతపు రైతుల నోట మాత్రం వినిపించదు. మా పట్టణంలో కొందరం కలిసి తొమ్మిదేళ్లుగా వ్యవసాయ పదకోశం ఒకటి తయారుచేస్తున్నాము. దానికి సంపాదకులు ఇద్దరు. ఒకడిని నేను, ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. రెండవవారు నా సహాధ్యాయి, సంస్కృతాంధ్రాలలో గట్టివారు, శేషాచార్యులు.

కొండ్ర అంటే కొండవాలున సాగుచేసిన నేల అని ఆచార్యులు నిర్ణయించారు. కొండ నుంచి కొండ్ర పుట్టిందని వారి వాదం. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదని, కొండ్ర దున్నకానికి సంబంధించిన మాట అని నా వాదం. తొమ్మిదేళ్లు ఇద్దరమూ గ్రంథాలు తిరగేశాము. ఎవరి గ్రంథం వారికి సాక్ష్యం చెప్పింది. ఇంతలో అచ్చు పని క అక్షరానికి చేరింది. ఇక తేల్చక తప్పదు. బోధన్ వైపు రైతులు ఈ మాటను ఇప్పటికీ వాడుతున్నారని ఎవరో చెప్పారు. అక్కడికే పోయి తేల్చుకుందామని, ఎవరి అర్థం తప్పితే వారు సంపాదకత్వం వదులుకోవాలని నేనే షరతు పెట్టాను. ముగింపు లేని వాదం నాకు గిట్టదు. ఆచార్యులు క్షణమైనా ఆలోచించకుండా ఒప్పుకున్నారు. మాఘమాసంలో బయలుదేరాము.

నిజామాబాద్

పాతవాళ్లు దీనిని ఇప్పటికీ ఇందూరు అంటారు. స్టేషను ఎదుటి హోటల్లో చాయ్ పదిహేను పైసలు. మా వైపు కాఫీ నీళ్లకు పాలరంగు పూసినట్టుంటుంది. ఇక్కడి చాయ్ చెంచా నిలబడేంత చిక్కన. అందరూ సాసర్లో పోసుకుని, తొందర లేకుండా, ఊది తాగుతున్నారు. చప్పుడు చేస్తూ తాగే అలవాటును నేను ముప్పై ఏళ్లు పాఠశాలలో దండించాను. ఇక్కడ ఆ చప్పుడు మర్యాదలో భాగమని గ్రహించి ఊరుకున్నాను.

ఆచార్యులు చాయ్ ముట్టరు. ఊరికే కూర్చోవడమెందుకని హోటలు యజమానిని అడిగారు.

"ఏమయ్యా, ఈ చుట్టుపట్ల కొండలు ఎక్కువేనా?"

గల్లాపెట్టె వెనుక కూర్చున్న ఆ గడ్డం పెద్దమనిషి కొంచెం ఆలోచించాడు. "కొండలా? మా దగ్గెర గుట్టలుంటయి సాబ్. కొండలంటె మీ తిరుపతి దిక్కు ఉంటయి."

నేను వెంటనే నోటుపుస్తకం తీసి తేదీతో సహా రాసుకున్నాను. కొండను గుట్ట అనేవారు కొండవాలుకు మాత్రం కొండ పేరు పెడతారా? ఆచార్యులు నా కలం వైపు చూసి, "హెడ్మాష్టారూ, చాయ్ కొట్టువాడు మీ ప్రమాణమా?" అన్నారు. "సాక్షి" అన్నాను.

అక్కడి నుంచి పసుపు మార్కెట్టుకు పోయాము. కొత్త పంట అప్పుడప్పుడే దిగుతున్నది. ఆవరణ అంతా కుప్పలు. గాలిలోనే పసుపు. నా తెల్లని లాల్చీ అరగంటలో పెళ్లికొడుకు బట్టలా మారింది. వరుసగా కూర్చున్న స్త్రీలు రెండు చేతులతో కుప్పను రెండుగా విడదీస్తున్నారు. పొడుగు కొమ్ములు ఒకవైపు, గుండ్రని దుంపలు ఒకవైపు. ఏమంటారని ఒకామెను అడిగాను.

"గిది కాడి, గిది గోళ. రెండు కలిసినయనుకో, సేటు మా పానం తీస్తడు."

"మా వైపు కాడి అంటే ఎద్దుల మెడమీద పెట్టే కొయ్య తల్లీ."

ఆమె చేతులు ఆగలేదు. "మా దిక్కు గూడ గదే అంటరు సారు. గదీ కాడే, గిదీ కాడే. ఎద్దు మెడ మీద పసుపుకొమ్ము పెట్టి ఎవరన్న దున్నుతరా?"

పక్కనున్న నలుగురు స్త్రీలూ తలవంచుకుని నవ్వారు. ఆచార్యులు ఎవరినీ లెక్కచేయకుండా పైకే నవ్వారు. పట్టణం విడిచాక వారు నవ్వడం అదే మొదటిసారి. ఒకే ధ్వనిగల రెండు మాటలు ఆమె నోటిలో ఏనాడూ తగులాడుకోలేదు. చేతిలో కొమ్మున్నప్పుడు ఒకటి, పొలంలో ఎద్దు ముందున్నప్పుడు ఇంకొకటి. తగులాట మా వంటి బల్ల దగ్గరివాళ్లకే.

జానకంపేట

బోధన్ పోయే చిన్న బండి కోసం ఇక్కడ దిగి కాచుకోవాలి. స్టేషనులో ఒక వేపచెట్టు, ఒక బల్ల, లెక్కలేనన్ని మేకలు. నా చీటీల కట్టలు అక్షరక్రమంలో, ఎర్ర నూలుతో కట్టి, సంచిలో ఉన్నాయి. ఎండకు చీటీలు చెమ్మ విడుస్తాయని కట్టలు బల్లమీద బారుగా పరచి, మంచినీళ్లకు లేచాను. ఆచార్యులు కాపలా. వారు కళ్లుమూసుకుని జపం చేసుకుంటున్నారు.

తిరిగి వచ్చేసరికి ఒక తెల్లమేక 'ఏ' కట్టను పూర్తిచేసి 'ఐ' కట్టలోకి ప్రవేశిస్తున్నది. నేను పరుగెత్తాను. నా వయసులో పరుగు శోభించదని తెలుసు. అయినా పరుగెత్తాను. ఎర్ర నూలు మాత్రం చేతికి చిక్కింది.

మేకలు కాసే ముసలామె దూరం నుంచే కేకపెట్టింది. "ఏం కాయిదాలు సారూ అవి? నా మేకకు కడుపునొస్తె నీదే పూచీ!"

క కట్ట క్షేమం. ఆచార్యులు కళ్లు తెరిచి, "నా వాదానికి దైవసహాయం అందబోయి నాలుగు కట్టల దూరంలో తప్పింది" అన్నారు. బోధన్ చేరేవరకు నేను సంచిని ఒడిలోనుంచి దించలేదు.

బోధన్

రైలు దిగకముందే బెల్లపుపాకం మాడినట్టు బరువైన తీపి వాసన కమ్ముకుంది. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే కాలమది. చెరుకు బండ్లు రోడ్డు పొడవునా ఒకదాని వెనుక ఒకటి. ఎడ్లను విప్పి, బండ్ల నీడలోనే వంటలు చేసుకుంటున్నారు. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ ఒకే పొయ్యి చుట్టూ వినిపిస్తున్నాయి. బండిని దాటేవాడు ఎవడైనా ఒక గడ లాక్కుని పోతే బండివాడు ఏమీ అనడు. రెండో గడ మీద చెయ్యి వేస్తే మాత్రం తిడతాడు. నేను చూసిన శాసనాలలో ఇది ఉత్తమమైనది.

మా ఆతిథేయి కరీముల్లా సాబ్. ఉర్దూ బడిలో ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసుకున్నవారు. నాతో ఉత్తరాల పరిచయం. ఆచార్యులు పరుల ఇంట వండినది ముట్టరని ఆయనకు ముందే రాశాను. ఆయన దానిని కొంచెమైనా తప్పుగా తలచలేదు. అరటిపండ్ల గెల ఒకటి, ఎదురింటి కోమట్లచేత కాయించిన పాలు, కొత్త ఇత్తడి చెంబు సిద్ధంగా ఉంచారు. "చెంబు నిన్ననే కొన్న పండిత్ జీ. ఇంట్ల ఎవరు ముట్టలే" అన్నారు. ఆచార్యులు రెండు చేతులూ జోడించారు.

సాయంత్రం వసారాలో కూర్చుని మేక తిన్న చీటీలను, అచ్చయినవే అయినా కట్టలో లోటు ఉండరాదని, జ్ఞాపకం మీద తిరిగి రాస్తున్నాను. ఏరు దగ్గరికి వచ్చాను. ఏరు అంటే వాగు. ఏరు అంటే నాగలి, ఏరువాక దానినుంచే. ఏరు అంటే పోగుచేయుట. మూడు మాటలకు మూడు చీటీలు. కరీముల్లా సాబ్ వంగి చూశారు.

"ఇది మా ఇంగ్లీషుల గూడ ఉన్నది హెడ్మాస్టర్ సాబ్. ఇయర్ అంటె చెవి. ఇయర్ అంటె జొన్నకంకి. పిల్లలు ఏమనుకుంటరు? కంకి చెవి లెక్క ఉన్నది, అందుకే గా పేరు అంటరు. తప్పు. పాత ఇంగ్లీషుల రెండూ వేరే వేరే మాటలు. అరిగి అరిగి ఒక తీరుగ అయినయి. ఇంకొక ఇయర్ ఉండె, ఇప్పుడు ఎవరు అనరు. దాని మానీ ఏందో తెల్సా? దున్నుడు."

ఆచార్యులు కూర్చున్నవారు లేచారు. "ఏరు! ఇయర్! దున్నడం! ఆర్యభాషలకూ మనకూ..."

"కూసోండ్రి పండిత్ జీ" అన్నారు కరీముల్లా సాబ్ మెల్లగా. "ఒక్క తీరు ముఖమున్న ఇద్దరు మనుషులు బజార్ల కనబడితె అన్నదమ్ములంటమా? ముందు ఇంటికి పోయి అడగాలె."

నేను ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. చెవి, కంకి సంగతి నాకు తెలుసు. దున్నకపు సంగతి తెలియదు. ఆ మాట ఒప్పుకున్నాను. ఆయన ఇంకొకటి అడిగారు. "ఎకరం అంటె ఏంది?"

"నాలుగువేల ఎనిమిదివందల నలభై చదరపు గజాలు" అన్నాను తడుముకోకుండా.

"గది కొలిచినోడు చెప్పిన మాట. దున్నినోడు ఏమన్నడు?"

ఆయన నవ్వి, తన రెండెకరాలను గంగారాం అనే రైతు సేద్యం చేస్తున్నాడని, వరి కోసిన ఆ మడిలో చెరుకు పెట్టడానికి రేపు ఉదయం నాగళ్లు కడుతున్నారని చెప్పారు. "సూసి రాండ్రి. మల్ల మాట్లాడుదం."

గంగారాం పొలం

ఉదయం కిచిడీ, ఖట్టా అనే పుల్లని చారు నేను తిన్నాను. ఆచార్యులు అరటిపండ్లు తిన్నారు. కరీముల్లా సాబ్ మోకాళ్లనొప్పితో ఇంటనే ఆగారు. కాలువ గట్టు వెంట నడిచి చేరాము. నేల అద్దంలా సమంగా ఉంది. కనుచూపు మేరలో గుట్ట లేదు. నేను ఆ సంగతిని మాటలతో చెప్పలేదు. చేతికర్రతో దిక్కులన్నీ ఒకసారి చూపించాను. ఆచార్యులు గొడుగు తెరిచారు.

ఆరు నాగళ్లు సిద్ధంగా ఉన్నాయి. ఇరుగుపొరుగు రైతులు ఒకరి పొలానికి ఒకరు నాగళ్లతో వస్తారట. ఇవాళ గంగారాం వంతు. ఆయనకు ఏభై ఏళ్లుంటాయి. తలకు తువాల, నోట బీడీ. మా విధానం ముందే నిర్ణయించాను. ప్రశ్నలో మేము మాట పలకరాదు. మేము పలికితే అవును సారు అంటారు, అది సాక్ష్యం కాదు. వారి నోటి నుంచే రావాలి. అంతవరకు గట్టుమీద నిలబడి చూడవలసిందే.

గంగారాం తన జతను ముందుకు తోలాడు. ఒక ఎద్దు నల్లని కర్రిది, ఇంకొకటి బూడిదలాంటి మైలరంగుది. పొలంలో ఒక భాగాన్ని చుట్టివస్తూ ఒకే చాలు గీశాడు. ఎక్కడ మలపాలో ఎద్దులకు ముందే తెలిసినట్టుంది. చాలు మొదలైనచోటే కలిసింది. తక్కిన ఐదు నాగళ్లూ దాని లోపలి అంచున, ఒకదాని వెనుక ఒకటి, చుట్టు తిరగసాగాయి. అందరిదీ ఒకే వైపు తిరుగుడు. ఎవరూ అడ్డం రారు. ఆ క్రమం చూసి నాకు కలిగిన ఆనందం ఇంతని చెప్పలేను. ముప్పై ఏళ్లు పిల్లలను వరుసలో నిలబెట్టినవాడికే అది తెలుస్తుంది.

గంటసేపు ఎద్దులను అదలించే కేకలు తప్ప ఏమీ వినరాలేదు. ఆచార్యులకు ఓర్పు తగ్గింది. "నేను పోయి ఎద్దుల మేత గురించి అడుగుతాను. మాట నేను పలకను" అని, గొడుగుతో గట్టు దిగి, చాలు దాటి, లోపల దున్నని నేల మీదికి నడిచారు.

ఆరు నాగళ్లూ ఒక్కసారి ఆగిపోయాయి.

"అయ్యో అయ్యగారు! కొండ్రల అడుగు పెట్టిండ్రు గద!" అన్నాడు గంగారాం.

నా చేతికర్ర నేలమీద పడింది. తొమ్మిదేళ్లు గ్రంథాలలో వెదికిన మాట అది. మేము అడగకుండా, మా ఎదుటే, ఒక రైతు నోట పుట్టింది. ఆచార్యులు వెనుదిరగబోయారు. ఐదుగురూ ఒకేసారి కేకపెట్టారు.

"రావద్దు! రావద్దు అయ్యగారు, ఆడనే నిలవడుండ్రి!"

గంగారాం బీడీ పారవేసి వివరించాడు. చాలు కలిశాక లోపలికి అడుగుపెట్టిన మనిషి, ఆ కొండ్ర తీరేదాకా బయటికి రాకూడదు. ఇది వారి తాతలనాటి కట్టుబాటు. నడుమ దాటిపోతే ముందటి జతను ఆ రోజుకు విప్పేయాలి. ముందటి జత ఆగితే తక్కిన ఐదూ ఆగుతాయి. రేపు ఇంకొకరి వంతు. ఇవాళ తీరకపోతే గంగారాం చెరుకు వెనుకబడుతుంది.

"ఎంతసేపు నాయనా?" అన్నారు ఆచార్యులు.

"ఎడ్లిడిసేదాంక."

"అంటే?"

"పొద్దు నెత్తిమీదికి వచ్చేదాంక."

ఆచార్యులు నా వైపు చూశారు. నేను నోటుపుస్తకంలో వేళ రాసుకున్నాను. నియమాన్ని గౌరవించడం నా స్వభావం. నాగళ్లు తిరిగి కదిలాయి. ఆచార్యులు నడుమ నిలబడ్డారు, గొడుగు పట్టుకుని, అన్ని దిక్కులా ఎద్దులతో.

ఇక దాచవలసిన మాట లేదు కనుక వారు అక్కడినుంచే అడగడం మొదలుపెట్టారు. "నాయనా, దీనికి కొండ్ర అని పేరెందుకు? ఇది కొండకాదు గదా? కొండమీద సాగుచేస్తే కూడా ఇలాగే అంటారా?"

రెండో నాగలి మనిషి నవ్వు ఆపుకోలేకపోయాడు. "గుట్ట మీద నాగలి కడితె ఎడ్లే నన్ను దున్నుతయి అయ్యగారు!"

"జెర నోరు ముయ్యిరా, పెద్దమనిషి ఎండల నిలవడ్డడు" అన్నాడు గంగారాం. కాని ఆయన మీసం కింద కూడా నవ్వు ఉంది.

గట్టుమీద నేను నా చీటీ తీసి ఒకసారి చదువుకున్నాను. "కొండ్ర: చాలు గీసి వేరుచేసిన పొలపు చెక్క." ఎదుట సాక్షాత్తుగా ఉంది. గెలిచాను. నాకు వినయం నటించడం రాదు. గెలుపు గెలుపే. ఆ చీటీని గంగారాంకు చదివి వినిపించాను, నాగలి నా ముందుకు వచ్చినప్పుడల్లా ఒక ముక్క చొప్పున. మూడో చుట్టులో ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గట్ల కాదు సారు. గీసిందంత కొండ్ర కాదు."

"మరి?"

జవాబు కోసం ఇంకొక చుట్టు కాచుకున్నాను.

"ఎడ్లిడిసే యాళ్లకు తీరాలె. ఆరు నాగండ్లున్నయి కాబట్టి గింత గీసిన. రెండే ఉంటె గా తుమ్మచెట్టు దగ్గరికే గీద్దును. మా తమ్ముని ఎడ్లయితె ఇంకా ఇవతలికి. ఎంత తీరుతదో కంటితోని తెలవాలె. గీసి తీరకపోయిందనుకో, అది కొండ్ర కాదు, నా తెలివితక్కువ."

చీటీలో నేను చెక్క అని రాశాను. అది చెక్క కాదు. అది ఒక పూట పని. ఇన్ని ఎద్దులు, ఈ మనుషులు, ఎడ్లు విప్పేలోగా ముగించగల నేల. ముందురోజు సాయంత్రం వసారాలో కరీముల్లా సాబ్ నన్ను నిలబెట్టిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు కళ్లముందు తిరుగుతున్నది. ఎకరం కూడా మొదట చదరపు గజాలు కాదు, ఒక జత ఎడ్లు ఒక రోజులో దున్నగలిగిన నేల. కొలిచినవాడి మాట నేను రాశాను. దున్నినవాడి మాట ఇప్పుడు విన్నాను. నా చీటీని నేనే అడ్డంగా కొట్టివేసి, వెనుకవైపు ఆయన మాటలను ఆయన మాటలుగానే రాసుకున్నాను.

దున్నని నేల తగ్గుతూ వచ్చింది. మొదట గదంత, తరువాత మంచమంత. చివరకు ఆచార్యుల రెండు పాదాలు, గొడుగు నీడ. సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉన్నాడు. గంగారాం తన జతను ఆచార్యుల పక్కనుంచి చివరి చాలుకు తోలి, ముల్లుకర్ర దించాడు.

"ఇగ రాండ్రి అయ్యగారు. కొండ్ర తీరింది."

ఆచార్యులు మెత్తని మట్టిలో చీలమండలదాకా దిగబడుతూ గట్టుకు చేరారు. గంగారాం భార్య లింగవ్వ సద్ది గంప దించింది. జొన్నరొట్టెను బెల్లంతో నలిపి ముద్దలు చేసిన మలీద. అందరికీ పెట్టి, ఆచార్యుల ముందు ఆగి సందేహించింది. ఇల్లు విడిచినప్పటి నుంచి ఎవరి వంటా ముట్టని మనిషి చేయి చాపాడు.

"తినుండ్రి అయ్యగారు" అంది ఆమె. "పనిచేసినోళ్లకే పెడుతున్న. పొద్దంత నిలవడుడు గూడ పనే."

ఆచార్యులు తిన్నారు. రెండో ముద్ద అడిగి తిన్నారు.

తిరుగు ప్రయాణం

జానకంపేటలో, మేకలకు దూరంగా కూర్చుని, ఆచార్యులు ఒక కాగితం రాసి నాకు ఇచ్చారు. కొండ్రకు కొండతో సంబంధం లేదని, షరతు ప్రకారం సంపాదకత్వం వదులుకుంటున్నానని అందులో ఉంది. అక్షరం వణకలేదు.

"మీ అర్థమూ సగమే గదా అని అనవచ్చు నేను" అన్నారు.

"అనవచ్చు."

"అనను. మీరు దున్నకమన్నారు. దున్నకమే."

రాజీనామాను స్వీకరించాను. షరతు షరతే. ఊరు చేరిన మరుసటి ఆదివారం సంఘాన్ని సమావేశపరచి, దానిని చదివి వినిపించి, పుస్తకంలో నమోదు చేయించాను. ఆ తరువాత ఖాళీ అయిన స్థానానికి శేషాచార్యుల పేరు నేనే ప్రతిపాదించాను. ఎదురు ఓటు లేదు. అన్ని పనులూ పద్ధతి ప్రకారం జరిగాయి.

పొలం విడిచేముందు జరిగిన ఒక సంగతి మిగిలింది. మా పదకోశంలో ప్రతి మాట కిందా సాక్ష్యం అని ఒక వరుస ఉంటుంది. తొమ్మిదేళ్లుగా అందులో గ్రంథాల పేర్లే రాశాము. సాక్షిగా ఏ పేరు వేయాలో గంగారాంను అడిగాను. చెప్పాడు. రాసుకుని పుస్తకం మూయబోతుంటే ఆపాడు.

"ఎడ్ల పేర్లు గూడ రాయుండ్రి సారు. కర్రోడు, మైలోడు. నడిసింది అవి గద."

నా పుస్తకంలో క్రమం తప్పిన వరుస ఒక్కటీ లేదు. అయినా రాశాను.

ఆ పుట అచ్చు ప్రతి నిన్ననే వచ్చింది. కొండ్ర కింద నాలుగు పంక్తుల అర్థం, గంగారాం మాటల్లో. దాని కింద సాక్ష్యం: గంగారాం, కర్రోడు, మైలోడు. ప్రెస్సువారు ఆ చివరి రెండు పేర్ల కింద ఎర్రగీత గీసి, అంచున అడిగారు: "వీరిద్దరూ ఏ ఊరి పండితులు? బిరుదులు లేవు. తీసివేయవచ్చునా?"

ఆచార్యులు ఆ పుటను నా చేతినుంచి తీసుకుని, నా కలంతోనే, పెద్ద అక్షరాలతో రాశారు.

"ఉంచవలెను."

కింద ఇద్దరమూ సంతకాలు చేశాము.